లోకం మునిగినా సరే, మాట పూర్తవ్వాలి

అమెరికా సూపర్‌హీరో కామిక్ సంచికలో కథకు దక్కేవి సుమారు 20 పేజీలు. అందులో ఆరేడు పేజీలు ఇద్దరు వీరులు మేడ మీద కూర్చుని కబుర్లాడుకోవడానికే పోతే పాఠకుడు సణగకూడదు. అది పాత్రచిత్రణ. దెబ్బలాట కావాలనేవాళ్లు పామరులు.

మన విశాఖలోనే పెట్టి చూద్దాం. ఆర్కే బీచ్. విలన్ 91 మీటర్ల కురుసుర సబ్‌మెరైన్‌ని నెత్తికెత్తుకున్నాడు. ఎదురుగా గోడ మీద వీరులిద్దరూ, మధ్యన మురీ మిక్స్చర్ పొట్లం.

"ఏటి?"

"ఏట్లేదు."

"ఏదో ఉంది."

"ఉందంటావేటి?"

"నువ్వే చెప్పాల."

పేజీ అయిపోయింది. ఆరు గళ్లలోనూ అవే మొహాలు. బొమ్మ ఒకటే గీసి మిగతా ఐదింట్లో అతికించేశారు, నాలుగో గడిలో మాత్రం కనుబొమ కాస్త లేచింది. ఆ కనుబొమని పొగడ్డానికి విమర్శకులు సిద్ధంగా ఉంటారు. ఈలోగా విలన్‌కి చేతులు లాగేసి, సబ్‌మెరైన్‌ని ఇసుకలో దించి, మొక్కజొన్న పొత్తు కాల్పించుకుంటున్నాడు. "మనసిప్పి మాట్లాడుకుంతన్నారు గురూ, మధ్యన మనమెందుకు?" అంటాడు. వచ్చే నెల సంచికలో వీరులు కైలాసగిరి ఎక్కుతారు. "నిన్న నువ్వన్నదాని గురించి ఆలోచించాను," అని మొదలు. విలన్ కూడా పాపం రోప్‌వే టికెట్ కొనుక్కోవాలి.

పాత సంపాదకులు గడికి సుమారు 35 మాటలు, పేజీకి 210 అని గిరి గీసేవారు. దాటితే మాటలు రాసే బెలూన్ బొమ్మని మింగేస్తుంది. ముందు మాట్లాడేవాణ్ని ఎడమ పక్కన గీయాలని కూడా నియమం ఉంది. కుడి పక్కన గీస్తే బెలూన్ల తోకలు అడ్డంగా కోసుకుంటాయి, చదివేవాడికి జవాబు ముందూ ప్రశ్న తర్వాతా దొరుకుతాయి. తిట్లు బెలూన్లలో మాటలు రాసే లెటరర్‌కి, తప్పు బొమ్మలాయనది.

స్పైడర్‌మ్యాన్‌ని సాలీడు కుట్టడం దగ్గర్నుంచి బెన్ పెదనాన్న చావు దాకా 1962లో 11 పేజీల్లో చెప్పేశారు. 2000లో మళ్లీ చెబితే సంచికల మీద సంచికలు పట్టింది. నెలనెలా అమ్మినవాటిని ఆరేసి చొప్పున కుట్టి పుస్తకంగా మళ్లీ అమ్మే వ్యాపారానికి నిదానమే ప్రధానం. ఒక్కటి మాత్రం నిజం, పెదనాన్నకి నోరిచ్చి నాలుగు మాటలు ఎక్కువ చెప్పించినందుకే ఆయన పోతే గుండె కలుక్కుమంది.

కాబట్టి గొడవ మాటలతో కాదు. 1987లో స్పైడర్‌మ్యాన్‌కి మేరీ జేన్‌నిచ్చి పెళ్లి చేశారు. ఇరవై ఏళ్లు అద్దె, అలక, అర్ధరాత్రి ఆలస్యాలు, అన్నీ కూర్చోబెట్టి మాట్లాడించారు. అవన్నీ మనం డబ్బిచ్చి విన్నాం. 2007లో మే పెద్దమ్మ ప్రాణం కోసమంటూ ఒక సైతానుతో బేరం కుదిర్చి, అసలా పెళ్లే జరగలేదన్నారు. విడాకులిప్పిస్తే కుర్రాడు ముసలాడిలా కనిపిస్తాడట! సిగ్గులేని సాకు. కాపురం కథ నడపడం చేతకాక కాపురాన్నే చెరిపేశారు. ఇంకెప్పుడైనా ఆ ఇద్దరూ కిటికీ పక్కన నిలబడి ప్రేమగా మాట్లాడుకుంటే ఎందుకు నమ్మాలి? ఏ దెయ్యం వచ్చి తుడిచేస్తుందోనని పేజీ తిప్పాలా?

బ్యాట్‌మ్యాన్ తరఫువాళ్లు ఇంకా గడుసు. క్యాట్‌వుమన్‌తో పెళ్లని నెలల తరబడి ఊరించి, పెళ్లి సందడి పేరున విడి సంచికలు కూడా అమ్మి, 2018లో 50వ సంచికలో పెళ్లికూతుర్ని రానివ్వలేదు. పెళ్లి ఆగిపోయాక కట్నాలు తిరిగిచ్చే ఆనవాయితీ ఆ ఊళ్లో లేదు.