ఐదు పాయింట్ వన్‌లో మన వాటా

తెలుగు సినిమా శబ్దంలో కడప జిల్లాకు దక్కిన వాటా 0.1. ఇది కడుపుమంటతో అంటున్న మాట కాదు, లెక్క. హోమ్ థియేటర్ అట్టపెట్టె మీద 5.1 అని ఉంటుంది కదా. అందులో ఐదు ఛానెళ్లు, అంటే ఐదు స్పీకర్లకి వేరువేరుగా వెళ్లే శబ్దాలు, మాటలకీ పాటలకీ, కోనసీమ కొబ్బరాకుల గలగలకీ పోతాయి. మిగిలిన ఆ పాయింట్ వన్‌లో 120 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 120 కంపనాలకి, దిగువన ఉండే చప్పుడు మాత్రమే నడుస్తుంది. అంటే ఉరుములు, భూకంపాలు, నాటుబాంబులు, గాల్లో పల్టీలు కొట్టే సుమోలు. హీరో హైదరాబాదులో ప్రేమించినంతసేపూ ఆ అడుగు చప్పుడు మోగించే పెట్టె, సబ్‌వూఫర్, కునుకు తీస్తుంది. తెర మీద ‘కడప జిల్లా’ అని అక్షరాలు పడగానే లేచి కూర్చుంటుంది. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక పాత కడప జిల్లాదే అయినా, ఆయన తంబురా ముందు స్పీకర్లలోనే మోగుతుంది. మన పేరున పట్టా అయిన శబ్దం మాత్రం అడుగుదే.

కాబట్టి కడపలో ఇల్లు కట్టుకుని హాల్లో సబ్‌వూఫర్ పెట్టుకోనివాడు జిల్లాకు ద్రోహం చేస్తున్నట్టే. విజయవాడవాళ్లు, వైజాగ్‌వాళ్లు మన బాంబులు పెట్టి తమ సెట్లు పరీక్షించుకుంటున్నారు. ఆ బాంబులు ఏ ఊళ్లో పేలాయని సినిమావాళ్లు చూపిస్తున్నారో ఆ ఊళ్లోనే కాపురముంటూ, టీవీ వెనక ఉండే అరచేతి మందం స్పీకర్లో వాటిని వినడం ఏం మర్యాద? నిజం పేలుళ్లు మనకు లేవని కాదు. ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి క్వారీల్లో బ్లాస్టింగ్ జరుగుతూనే ఉంటుంది. కానీ అది ఒక్క మొద్దు చప్పుడు, కిటికీ అద్దం కాస్త వణకడం, అంతటితో సరి. వెనక కోరస్ ఉండదు, స్లోమోషన్ ఉండదు. అట్లాంటి పేలుడుని ఎవరు వింటారు?

ఇక ఎంపిక. దీనికి చెవులు అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. మొదట చూడాల్సింది వాట్లు. పెట్టె మీద నిప్పుల బొమ్మ వేసి, పక్కన 12,000 వాట్లు పీఎంపీఓ అని రాసి ఉండాలి. ఆర్‌ఎంఎస్ అని ఇంకో అంకె కూడా ఉంటుంది గానీ, అది యాంప్లిఫైయర్ ఎడతెగకుండా నిజంగా ఇవ్వగలిగే శక్తి. నిజం కనక చిన్నగా ఉంటుంది, పెట్టె వెనక ఉంటుంది, దాన్ని చదవడానికి కళ్లజోడు కావాలి. పీఎంపీఓకి అట్లాంటి ఇబ్బందుల్లేవు. రెప్పపాటులో సగం సేపు, అన్నీ కలిసొస్తే, ఎంత శక్తి రావచ్చునని తయారుచేసినవాడికి అనిపిస్తే అంత. దానికో కొలత పద్ధతి అంటూ ఎవరూ స్థిరంగా పెట్టలేదు కాబట్టి తప్పు పట్టడానికీ వీల్లేదు.

12,000 వాట్లంటే 16 హెచ్‌పీ. మూడు 5 హెచ్‌పీ బోరు మోటార్లు ఒకేసారి వేసినా అంత కాదు. ఆ సబ్‌వూఫర్ ప్లగ్గు మాత్రం టేబుల్ ఫ్యాన్ ప్లగ్గంతే ఉంటుంది. ఆరు ఆంపియర్ల సాకెట్‌లో 230 వోల్టులకి వచ్చేది మహా అయితే 1,380 వాట్లు. ఇది తెలియని మనుషులా మనవాళ్లు? స్టార్టర్ చప్పుడు విని మోటారు ఎన్ని హెచ్‌పీదో చెప్పగలరు, ఒక్క హెచ్‌పీ లోడు ఎక్కువ రాశాడని లైన్‌మన్‌తో గంట వాదించగలరు. అదే పెద్దమనిషి ఏడు రోడ్ల కూడలి దాటి ఎలక్ట్రానిక్స్ షాపు మెట్లెక్కగానే 12,000 అంకెకు చేతులు జోడిస్తాడు. దీన్ని అమాయకత్వం అనకూడదు, భక్తి అనాలి. 100 వాట్ల నుంచి 200 వాట్లకి పోతే పెరిగేది 3 డెసిబెళ్లేననీ, చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలనీ షాపులో ఎవరైనా అంటే, వాళ్లు పక్క షాపు మనుషులని అర్థం.

తర్వాత అంగుళాలు, అంటే పెట్టెలో గాలిని నెట్టే కోను వెడల్పు. ఎనిమిది అంగుళాలది పెళ్లికాని కుర్రాళ్ల గదికి, పది ఉద్యోగస్తులకి, పన్నెండు సొంతిల్లు ఉన్నవాళ్లకి. పదిహేను మాటెత్తకూడదు, అది ఎలక్షన్ స్థాయి. ఇందులో కాస్త న్యాయం లేకపోలేదు. స్వరం ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కి, దిగేకొద్దీ అంతే మోత రావడానికి నాలుగింతల గాలిని నెట్టాల్సి ఉంటుంది, పెద్ద కోను ఆ పని సులువుగా చేస్తుంది. పెట్టె సంగతి కూడా అంతే. అన్ని వైపులా మూసిన పెట్టెలో శబ్దం కిందికి దిగేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. పోర్ట్ అనే రంధ్రం ఉన్న పెట్టె ఒక హద్దు దాకా గట్టిగా మోగి, ఆ కిందికి పోతే నిట్టనిలువునా పడిపోతుంది. ఏది మనకు సరిపోతుందన్నది గది సైజు బట్టీ, వినే రకం బట్టీ ఉంటుంది. షాపులో మాత్రం ఈ గొడవంతా లేకుండా మన చెయ్యి పట్టుకుని ఆ రంధ్రం ముందు పెట్టి, ‘గాలి చూడన్నా!’ అంటారు. మే నెలలో కడపలో గాలి వచ్చే వస్తువుని కాదనేవాడు ఎవడు?

80 హెర్ట్జ్‌కి దిగువ శబ్దం ఎటునుంచి వస్తోందో మనిషి చెవి పెద్దగా పోల్చుకోలేదు. అందుకే సబ్‌వూఫర్‌ని సోఫా పక్కనో, టీపాయ్ వెనకో కనపడకుండా పెట్టుకోవచ్చని పుస్తకాల్లో ఉంటుంది. ఈ సలహా ఇచ్చినవాళ్లకి చుట్టాలు లేరు. పాతిక వేలు పోసి కొన్న వస్తువుని దాచిపెట్టడానికి అదేమన్నా చిట్టీ డబ్బా?

ఎక్కడ పెట్టాలన్నది తేల్చేది వాస్తు. బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం ఖాళీగా ఉండాలి. సబ్‌వూఫర్ బరువు గనక నైరుతి మూల దానిది. ఇక్కడ శాస్త్రాలు రెండూ చిత్రంగా ఒక్కటవుతాయి. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి చప్పుడుని ఎగదోస్తాయి, గదికి ఎన్ని మొండి గుణాలున్నాయో అన్నీ ఒకేసారి నిద్రలేస్తాయి. పాటలో ఏ స్వరం వాయించినా ‘దుమ్ము’ అని ఒక్క స్వరమే వినపడుతుంది. వాస్తు బాగా కుదిరిందనడానికి అంతకంటే ఏం నిదర్శనం కావాలి?

ఆ మొండి గుణాల గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే వీధి గొడవలన్నిటికీ మూలం అక్కడుంది. ఎండాకాలం మన గాలిలో శబ్దం సెకనుకి 350 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. అప్పుడు 40 హెర్ట్జ్ అల పొడవు సుమారు 29 అడుగులు. అందులో సగం పద్నాలుగున్నర. మన హాళ్లు మామూలుగా ఎంత పొడవుంటాయి? పద్నాలుగు. అంటే ఎదురెదురు గోడల మధ్య సగం అల చక్కగా ఇరుక్కుని కూర్చుంటుంది. గోడల దగ్గర మోత హెచ్చు, సరిగ్గా నడిమధ్యన దాదాపు సున్నా. సోఫా ఎక్కడుంటుంది? ఫ్యాన్ కింద, నడిమధ్యన. డబ్బు కట్టిన యజమాని ఎక్కడ కూర్చుంటాడు? ఆ సోఫాలో.

ఇప్పుడు చూడండి. సుమో పేలుతుంది. యజమానికి ఏమీ ఆనదు. ‘ఇంతేనా?’ అని నాబ్ కొంచెం తిప్పుతాడు. వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డ ఆయన భార్యకి పక్కటెముకలు కదులుతాయి. ఆయనకి మాత్రం ఇంకా ఆనదు. ఇంకొంచెం తిప్పుతాడు. గోడ అవతల పక్కింటివాళ్ల స్టీలు సామాను అలమరలో నడవడం మొదలుపెడుతుంది. ఈయన అప్పటికీ ‘షాపులో ఇట్లా లేదే’ అని దిగులుగానే ఉంటాడు. జిల్లాలో ఇంతకంటే నిస్వార్థమైన సేవ నేను చూడలేదు. సొంత డబ్బు పెట్టి, సొంత కరెంటు కాల్చి, తనకు తప్ప అందరికీ వినిపిస్తున్నాడు.

సోఫాని రెండడుగులు వెనక్కి జరిపితే సగం జబ్బు నయమవుతుంది. కానీ సోఫా ఫ్యాన్ కింద ఉండాలి. మే నెలలో ఫ్యాన్‌కీ బాస్‌కీ, అంటే ఈ అడుగు శబ్దానికీ, పోటీ పెడితే ఫ్యానే గెలుస్తుంది, ఆ విషయంలో నేనూ ఫ్యాన్ పక్షమే.

ఇంకో ఉపాయం ఉంది. సబ్‌వూఫర్‌ని మనం కూర్చునే చోట, అంటే సోఫా మీదే పెట్టి, బాస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంబడి పాకుతూ వినాలి. ఎక్కడ స్వరాలన్నీ సమంగా, శుభ్రంగా వినపడతాయో అక్కడికి సబ్‌వూఫర్‌ని మార్చాలి. మా చుట్టాలబ్బాయి బెంగళూరులో నేర్చుకొచ్చి, చిన్నచౌకులో వాళ్ల నాయన కట్టిన ఇంట్లో ఈ ప్రయోగం చేశాడు. కొత్త సోఫా మీద సబ్‌వూఫర్ ఆసీనమై ఉంది, ఇంజినీరు చదివినవాడు కడప బండల మీద మోకాళ్లతో పాకుతున్నాడు.

‘ఏం పోగొట్టుకుంటివి నాయనా, అట్లా దేవులాడతాండావు?’ అంది వాళ్ల జేజి, అంటే నాయనమ్మ.

‘ఏం లేదు జేజీ, చప్పుడు ఏడ బాగుందో చూస్తాండా.’

‘నిలబడి ఇంటే ఇనపడదా?’

‘కింద పెట్టేది కదా జేజీ, కిందనే వినాల.’

‘దానికి పాకేదేంటికి? నన్నడిగితే చెప్పకపోదునా. ఈడ నా మంచం కాడ బ్రమ్మాండంగా ఇనపడతాంది. మూడు దినాలుగా నిద్ర ల్యా.’

జేజి మంచం వెనక గోడకి ఆనించి ఉంది. అకౌస్టిక్స్ చదవకపోయినా, గదిలో పీడనం ఎక్కడ హెచ్చుగా ఉందో వేలుపెట్టి చూపించింది. ఆ అబ్బాయి చివరికి కనిపెట్టిన మంచి చోటు ఎదురుగోడ మధ్యలో వచ్చింది. అక్కడ పూజ అలమర ఉంది. సబ్‌వూఫర్ నైరుతికే తిరిగెళ్లింది.

సెట్టింగుల దగ్గర మన ఆత్మగౌరవానికి అసలు పరీక్ష. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె రిసీవర్. దాని మెనూలో ప్రతి స్పీకర్‌నీ ‘స్మాల్’ అనో ‘లార్జ్’ అనో చెప్పమంటుంది. స్మాల్ అంటే దాని బాస్‌ని 80 హెర్ట్జ్ దగ్గర కోసి సబ్‌వూఫర్‌కి పంపిస్తుంది, చాలా ఇళ్లకి అదే సరైనది. లార్జ్ అంటే బాస్‌ని ఆ స్పీకర్ దగ్గరే ఉంచేస్తుంది. సీమలో గృహప్రవేశం చేసుకున్న ఇంట్లో నిలబడి, ఇంటాయన ముఖం చూసి, ‘మీవి స్మాల్ స్పీకర్లు సార్’ అనగలిగే టెక్నీషియన్ ఇంకా పుట్టలేదు. అన్నీ లార్జ్ పెడతాడు. పావు కిలో బరువు లేని స్పీకర్లు బాంబుల్ని మోయలేక ఒగర్చుతుంటాయి, బాంబుల కోసమే కొన్న పెట్టె పాటలప్పుడు పనిలేక కూర్చుంటుంది.

సబ్‌వూఫర్ వెనకాల ఫేజ్ అని 0, 180 మధ్య తిరిగే స్విచ్చొకటి ఉంటుంది. పాట వేసి అటూ ఇటూ మార్చి, సోఫాలో కూర్చున్నవాళ్లకి బాస్ ఎటు నిండుగా వస్తే అటు వదిలేయాలి. తప్పు వైపు ఉంటే స్పీకర్లు ముందుకు తోసిన గాలిని సబ్‌వూఫర్ వెనక్కి లాగుతుంది, రెండూ కలిసి నిశ్శబ్దాన్ని ఉత్పత్తి చేస్తాయి. ఆ స్విచ్ ముట్టుకుంటే వారంటీ పోతుందని మనకొక గట్టి నమ్మకం. ఇక ఎప్పుడూ ‘ఊఁ’ అంటుండే 50 హెర్ట్జ్ హమ్ చాలాసార్లు కేబుల్ టీవీ వైరు, ఇంటి ఎర్తింగు కలిసి వేసే లూపు వల్ల వస్తుంది. దాన్ని పోగొట్టుకోవద్దు. సెట్టు ఆన్‌లో ఉందని తెలియడానికి పనికొస్తుంది.

మైకు పెట్టి గదిని కొలిచే ఏర్పాటు కూడా రిసీవర్లలో వచ్చింది. అది నడిచినంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలట. కుక్కర్ మూడో కూతా, వీధిలో ఉప్పమ్మే ఆటో మైకూ కలుపుకుని అది ఏదో లెక్క వేసి, సబ్‌వూఫర్ మోత ఎక్కువైందని తగ్గిస్తుంది. యంత్రం పని అయిపోయాక యజమాని రిమోట్ తీసుకుని మళ్లీ పది పెంచుతాడు. ఈ రెండో మెట్టు మాన్యువల్‌లో రాయకపోయినా అందరూ పాటిస్తారు.

చట్టం సంగతి కూడా చూద్దాం, మనం చట్టానికి లోబడి నడిచేవాళ్లం కదా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు హద్దు. అయితే ఆ కొలత ‘ఏ’ స్కేలులో. మనిషి చెవికి కింది స్వరాలు తక్కువ వినపడతాయని, ఆ స్కేలు 40 హెర్ట్జ్ చప్పుడులో దాదాపు 35 డెసిబెళ్లు తీసేసి లెక్కిస్తుంది. అంటే రాత్రి పన్నెండుకి పక్కింటి మంచం దగ్గర 80 డెసిబెళ్ల బాస్ మోగినా, మీటరులో కనిపించేది 45. పిల్లాడు లేచి ఏడిస్తే మాత్రం వాడు హద్దు దాటినట్టే.

అట్టలు, ఫోములు, కర్టెన్లతో దీన్ని ఆపుదామనుకునేవాళ్లు ఒక్క లెక్క వేసుకోవాలి. మెత్తటి వస్తువు 40 హెర్ట్జ్‌ని బాగా మింగాలంటే అల పొడవులో నాలుగో వంతు మందం, అంటే ఏడడుగుల పరుపు గోడకి కొట్టాలి. పద్నాలుగడుగుల హాల్లో ఎదురెదురు గోడలకి రెండూ వేస్తే సమస్య పూర్తిగా తీరుతుంది. హాలు ఉండదు.

గోడ దాటకుండా ఆపేది బరువొక్కటే. బరువుకి మనకేం కొదవ? పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నీళ్లకంటే నాలుగింతలకి పైగా బరువు. శబ్దాన్ని అడ్డుకునే బరువైన వినైల్ షీట్లలో కలిపే పొడి ఆ ఖనిజమే, బేరియం సల్ఫేట్. మనం మాత్రం దాన్ని తవ్వి చమురు బావుల బురదలో కలపడానికి దేశదేశాలకి పంపిస్తున్నాం. జిల్లా వాటా కింద బాంబుల చప్పుడు వచ్చినప్పుడు, జిల్లా వాటా కిందే గజం గోడకి ఇంత ముగ్గురాయి అని రేషన్ కార్డు మీద ఇవ్వడంలో తప్పేముంది? ఇవ్వాల్సింది సబ్‌వూఫర్ ఉన్న ఇంటికి కాదు, దాని పక్కింటికి. దరఖాస్తులో మోత ఎంతుందో రాయాల్సిన గడి ఒకటుంటుంది గనక, మీటరు అవసరం లేకుండా, అలమరలో ఎన్ని గ్లాసులు కింద పడ్డాయో రాస్తే సరిపోయేట్టు చూడాలని మనవి.