నా పెడల్ బోర్డ్ మీద మిగిలిపోయిన మూడంగుళాల ఖాళీకి

మహారాజశ్రీ ఖాళీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను, నా గిటారు, పెడల్స్ అతికించే 14 అంగుళాల బోర్డు అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమా అని అడగను, మీరు క్షేమంగా ఉండబట్టే కదా నా జేబు ఇలా ఉంది. గారు, మీరు ఇక్కడితో సరి, ఇకనుంచి నువ్వు అనే అంటా, నా జీతంలో నెలనెలా వాటా తీసుకునేవాళ్ళకి గౌరవం కూడా ఇవ్వాలంటే నా వల్ల కాదు.

అసలు నేను ఎంత బుద్ధిగా మొదలుపెట్టానో గుర్తుందా? మూడంటే మూడే పెడల్స్, అంటే గిటార్ సౌండ్‌ కోసం కాలితో తొక్కే డబ్బాలు. శ్రుతి చూపించే ట్యూనర్, సౌండ్‌ని గరుకు చేసే ఓవర్‌డ్రైవ్, వాయించిందాన్ని ప్రతిధ్వనిలా రిపీట్ చేసే డిలే. చిన్న సెటప్, బ్యాగ్‌లో పట్టాలి, చంకన పెట్టుకుని వెళ్ళిపోవాలి, అంతే. కాగితం మీద లెక్క కూడా వేశా, ఒక్కో కాంపాక్ట్ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, మూడూ కలిపి 219, మధ్యలో పెడల్‌కీ పెడల్‌కీ కలిపే ప్యాచ్ కేబుల్ ప్లగ్గులకి సందుకి 25 చొప్పున రెండు సందులకి 50, టోటల్ 269. బోర్డు 355. అంటే మిగిలేది 86, మూడంగుళాల పైచిలుకు. ఆ 86 పక్కన నేను "గాలి ఆడటానికి" అని రాసుకున్నా. నువ్వు పుట్టింది అక్కడే. అప్పుడే దిండు పెట్టి నొక్కేసుండాల్సింది.

మొదటి వారం నువ్వేం మాట్లాడలేదు. ఎడమ చివర్న, పెడల్స్ అంటించే నల్లటి వెల్క్రో పట్టీ మీద దుమ్ము పట్టుకుంటూ మర్యాదగా కూర్చున్నావు. రెండో వారం ప్రాక్టీస్ చేస్తూ కిందకి చూశా, అదే నేను చేసిన తప్పు. 60 మిల్లీమీటర్ల పెడల్, దానికి ముందు ప్లగ్గులకి 25, కలిపితే 85, నీ దగ్గర 86 ఉంది. ఇది యాదృచ్ఛికం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, పైనెవడో కొలత చూసి పంపాడు. అలా ఫేజర్, అంటే సౌండ్‌ని సుడి తిప్పే పెడల్, వచ్చింది. 1974 నాటి డిజైన్, నారింజ రంగు, మొత్తానికి ఒకటే నాబ్. ఒకటే నాబ్ కాబట్టి దీంతో టైమ్ వేస్ట్ అవ్వదు అనుకున్నా. దాన్ని ఓవర్‌డ్రైవ్‌కి ముందు పెట్టాలా వెనక పెట్టాలా అని తేల్చుకోవడానికి మూడు సాయంత్రాలు పోయాయి. ముందు పెడితే ఫేజ్ చేసిన సౌండ్‌ని ఓవర్‌డ్రైవ్ నలిపి కాస్త మెత్తగా కలిపేస్తది, వెనక పెడితే నలిగిన సౌండ్ మొత్తం సుడి తిరిగినట్టు గట్టిగా వినబడ్తది. రెండూ బావున్నాయి, అదే గొడవ. ఈ మూడు సాయంత్రాల్లో నేను వాయించింది ఒకే ఒక్క కార్డ్, E మైనర్.

పెడల్ ఇరికించాక నువ్వు చచ్చావనుకున్నా. చావలేదు, కరెంటులోకి దూరావు.

అప్పటిదాకా ఒక్క అడాప్టర్‌కి తోకలాగా ఐదు పిన్నులుండే డైసీ చైన్ వాడేవాడ్ని. డిలే డిజిటల్, దాని లోపల క్లాక్ ఒకటి నిరంతరం టిక్కు టిక్కుమంటుంటది, అందరూ ఒకే లైన్ మీద కరెంట్ తాగుతుంటే ఆ గోల వైరు పట్టుకుని మిగతావాళ్ళ దగ్గరికి వెళ్తది, ఓవర్‌డ్రైవ్ దాన్ని శ్రద్ధగా పెద్దది చేసి ఆంప్‌కి, అంటే స్పీకర్ డబ్బాకి పంపుద్ది. ఫలితం, నేను వాయించనప్పుడు కూడా కీఈఈ అని ఒక దోమ. ఆ దోమ వాయించినంత నిలకడగా నేనెప్పుడూ ఒక నోట్ పట్టలేదు, అది వేరే సంగతి. సరే డిలేకి విడిగా ఇంకో అడాప్టర్ ఇద్దామని ఇంట్లో పాత కీబోర్డ్‌ది ఒకటి కనబడితే పిన్ను సరిపోయింది కదా అని పెట్టేశా. పిన్ను సరిపోతే సంబంధం కుదిరినట్టు కాదని అప్పుడే తెలిసింది. గిటార్ పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్. లోకంలో చాలా వస్తువులకి దీనికి తిరగేసి ఉంటది. కీబోర్డ్ అడాప్టర్ 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. పెడల్ కింద ఆ చిన్న గుండ్రం బొమ్మ వేసి మరీ చెప్తారు, నేనది డెకరేషన్ అనుకున్నా. డిలే చివరిసారిగా ఒక వాసన రిపీట్ చేసి ఆగిపోయింది.

కొత్త డిలే కొన్నా. దాంతో పాటు ఐసొలేటెడ్ పవర్ సప్లై, అంటే ఒక్కో ఔట్‌పుట్‌కి విడివిడిగా కరెంట్, ఎవరి కంచం వాళ్ళది అన్నట్టు. ఐదు ఔట్‌పుట్లది చాలు. కానీ ఓవర్‌డ్రైవ్ 10 మిల్లీయాంప్స్ కూడా తాగదు, కొన్ని డిజిటల్ పెడల్స్ మాత్రం 300 అడుగుతాయి, అలాంటివి భవిష్యత్తులో వస్తే అని ఆలోచించి ఎనిమిది ఔట్‌పుట్లది తీసుకున్నా. నాలుగు పెడల్స్‌కి ఎనిమిది. భవిష్యత్తులో వస్తే అనే మాట నాది కాదు, నీది. నా నోట్లోంచి వచ్చింది అంతే.

తర్వాత నువ్వు చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ మెచ్చుకోబుద్దేస్తది. బోర్డు నిండా పెడల్సే, జాగా అంటూ లేదు, అయినా నువ్వు మళ్ళీ వచ్చావు. ముందు ట్యూనర్ ఇంత పెద్దది ఎందుకు, మినీ సరిపోద్ది కదా అన్నావు, 73ది తీసి 42ది పెట్టా, 31 మిగిలింది. తర్వాత ఫ్లాట్ ప్లగ్గులుండే ప్యాచ్ కేబుల్స్ చూపించావు, మూడు సందుల్లో సందుకి 10 చొప్పున 30 మిగిలింది. పాత 1 కలిపితే 62. జాగా కలిసొచ్చిందని సంతోషపడే మనిషి ఆ జాగాని అలా వదిలేస్తాడు కదా? నేను పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించే మినీ రివర్బ్ కొన్నా. 42 ప్లస్ ప్లగ్గులకి 15, 57. ఇలా జాగా ఆదా చేయడానికి ట్యూనర్‌కి ఒకసారి, కేబుల్స్‌కి ఒకసారి, ఆదా అయిన జాగా నింపడానికి ఇంకోసారి, మొత్తం మూడుసార్లు డబ్బులు కట్టా. గిటార్ వాళ్ళు ఈ జబ్బుని గ్యాస్ అంటారు, గేర్ అక్విజిషన్ సిండ్రోమ్ అని పూర్తి పేరు, పొట్టి పేరే కరెక్ట్‌గా కుదిరింది, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వ్యాపిస్తది.

అసలు ఈ వంశమే అలాంటిది లే. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో మిక్సింగ్ కన్సోల్ ఛానల్ పాడైపోయి బేస్ గిటార్ సౌండ్ బర్రుమని చిరిగినట్టు వచ్చింది. మామూలుగా అయితే రిపేర్ వాడ్ని పిలుస్తారు. వీళ్ళు పాడైన సౌండ్ బావుందని అలాగే ఉంచేశారు, 1962 కల్లా అదే సౌండ్ డబ్బాలోకెక్కి మాస్ట్రో ఫజ్ టోన్ అని అమ్మకానికి వచ్చింది. అంటే చెడిపోయిన సౌండ్ డబ్బులిచ్చి కొనుక్కుని, దాంతో వచ్చే గోల ఆపడానికి నాయిస్ గేట్‌ని మళ్ళీ డబ్బులిచ్చి కొనుక్కునే జాతి మాది. ఇంక ట్యూబ్ స్క్రీమర్ అని పచ్చ ఓవర్‌డ్రైవ్ డబ్బా ఒకటుంది, పేరులో ట్యూబ్ ఉంటది కానీ లోపల పాతకాలం వాల్వ్ ట్యూబ్ ఉండదు, సౌండ్ పెంచే ఒక ఆపాంప్ చిప్పు, సౌండ్ కొసలు నరకడానికి రెండు డయోడ్లు. ఆ చిప్పు మీద 4558 అనే మోడల్ నంబర్ రాసుందా లేదా అని స్నేహాలు చెడగొట్టుకున్నవాళ్ళని నేను చూశా. వాళ్ళలో ఒకడ్ని నేనే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఈ లెటర్ రాయడానికి కారణం అదే. నిన్న రాత్రి నువ్వు ఆ బర్రుమనే ఫజ్ పెడల్ సంగతి ఎత్తావు. నాకు వద్దు అన్నా. నువ్వు తొందరపడలేదు, మెల్లగా చెప్పుకొచ్చావు, పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్‌ల్లో కొన్నిటికి గ్రౌండ్ పాజిటివ్ వైపు ఉంటది, మిగతా పెడల్స్‌తో ఒకే చైన్ మీద వేస్తే షార్ట్ అవుద్ది, దానికి విడిగా ఐసొలేటెడ్ ఔట్‌పుట్ కావాలి, ఎవరి దగ్గరుంటాయి అలాంటివి అని. నా దగ్గరే మూడు ఖాళీగా ఉన్నాయి. కింద. బోర్డు అడుగున, చీకట్లో, నువ్వు ఇన్నాళ్ళూ దాచిపెట్టిన మూడు.

కానీ పైన జాగా ఏది? మిగిలింది 5 మిల్లీమీటర్లు. పైగా ఫజ్‌కి తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ డైరెక్ట్‌గా తగలాలి, ముందు బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) ఉంటే సౌండ్ గరగరమంటది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే తేటబడే ఆ గుణం పోతది, కాబట్టి అది ఓవర్‌డ్రైవ్ వెనక పనికిరాదు, గిటార్ వైరు దూరే కుడివైపు మొదట్లోనే ఉండాలి. నువ్వేమో ఎడమ చివర్న ఉన్నావు. నిన్ను కుడికి తీసుకురావాలంటే వెల్క్రో మొత్తం పీకాలి. అర్ధరాత్రి వెల్క్రో పీకితే ఆ చప్పుడుకి ఇంట్లోవాళ్ళు లేచి ఏంటది అంటే ఏం చెప్పాలి, ఖాళీని జరుపుతున్నా అని చెప్పాలా? అదే చెప్పా. లైట్ ఆర్పి పడుకోమన్నారు.

కాబట్టి ఖాళీ, వినయంగా మనవి చేసేది ఏంటంటే, రెండు వరసల బోర్డ్ వద్దు. దాని పేజీ తెరిచి పెట్టుకున్నమాట నిజమే, టేపుతో నేల మీద కొలిచి చాక్‌పీస్‌తో గీత గీసిన మాటా నిజమే, కొనలేదు కదా. ఆ 5 మిల్లీమీటర్లతో ఇద్దరం సర్దుకుపోదాం. అక్కడ నిన్ను బొత్తిగా ఒంటరిగా వదిలెయ్యడం బాగోదని నా పిక్ నిలబెట్టి ఉంచా.

పిక్ మందం 1 మిల్లీమీటర్. ఇంకో నాలుగు పడతాయి.

ఇట్లు,
చాక్‌పీస్ చేతిలో ఉన్నవాడు