పావు మాత్ర కాల్షియం, కిటికీ ఎండ: ఆ మెసేజి చెప్పినట్టు చేస్తే ఏమవుతుంది?

"పిల్ల ఊసరవెల్లి నీరసంగా ఉందా? ఇంట్లోనే ఆరు చిట్కాలు" అనే మెసేజి అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పిల్లలు మారాం చేస్తే పెట్ స్టోర్‌లో వెయిల్డ్ కమీలియన్ అనే జాతి ఊసరవెల్లి పిల్లని కొనిచ్చిన ఇళ్లన్నిటికీ చేరుతోంది. తప్పని చెప్పించుకున్నవాళ్లే వారం తిరక్కుండా మళ్లీ పంపుతున్నారు. సరే, ఆరూ చూద్దాం.

ఎర్ర గుడ్డ మీద పెడితే ఎర్రబడాలట, లేకపోతే జబ్బట. అది గుడ్డని చూసి రంగు మార్చదు. వేడి, వెలుతురు, భయం, కోపాన్ని బట్టి మారుస్తుంది. గుడ్డ మీద మీకు కనబడేది భయమే.

ముక్కు దగ్గరి తెల్లపొడి ఫంగస్ అట, పసుపు రాయాలట. అది ఒంట్లోంచి బయటికి పోయే ఉప్పు. పసుపు పప్పులో వేసుకోండి.

జోడీగా పెంచితే బెంగపడదట. రెండోది కంటపడితేనే దానికి బెంగ, బలహీనమైనది తిండి మానేస్తుంది.

నోరు తెరిచి సిరంజితో నీళ్లు పోయమన్నది మాత్రం నవ్వి వదిలేసేది కాదు. గాలి గొట్టం మూత నోట్లో ముందువైపే ఉంటుంది. బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఉదయం లైటు వెలిగే ముందు, రాత్రి ఆరిపోయాక రెండు మూడు నిమిషాలు ఆకులు తడిసేలా స్ప్రే చేయండి. పగలు బొట్టుబొట్టుగా నీళ్లు కార్చే డ్రిప్పర్ పెట్టండి, ఆకు మీది బొట్లు అదే నాక్కుంటుంది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకి తిరిగితే నీళ్లు చాలట్లేదని అర్థం.

ఇక అసలు దారుణం. "కిటికీ అద్దం పక్కన పెట్టండి, ఎండ చాలు, ఖరీదైన లైటు దండగ. కాళ్లు వంకరపోతే మనం వాడే కాల్షియం మాత్ర పావు ముక్క పొడిచేసి రోజూ నాకించండి."

కిటికీ అద్దం వెలుగుని రానిస్తుంది, ఎండలో కంటికి కనబడని యూవీబీ కిరణాలని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. యూవీబీ లేకపోతే చర్మంలో విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు. అప్పుడు రక్తం తన కోటాని ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే పిల్లకి ముంజేతులు వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, కొమ్మ మీద పట్టు జారుతుంది. నాలుకలో కూడా బలం పోతుంది. పురుగుకి గురిపెట్టి, నోరు తెరిచి, నాలుక సగం దూరమే సాచి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు "దీనికి ఆకలి లేదు" అనుకుంటారు.

మాత్ర సంగతి లెక్క వేసి చూడండి. మామూలు 500 మిల్లీగ్రాముల మాత్రలో 250 యూనిట్ల డి3 ఉందనుకుందాం. పావు ముక్కంటే 62 యూనిట్లు. పిల్ల బరువు 15 గ్రాములు. ఆ లెక్కన 60 కిలోల మనిషికి రోజూ రెండున్నర లక్షల యూనిట్లు! మన డాక్టర్లు వారానికి ఒకటి రాసే 60 వేల యూనిట్ల గుళికలు రోజుకి నాలుగు మింగినట్టు. డి3 అంత ఎక్కువైతే ఎముకలో చేరాల్సిన కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. మెసేజి రాసిన మహానుభావుడు ముందు తన మీద ప్రయోగం చేసుకుని చెబితే బాగుండేది.

కావలసింది యూవీబీ ఇచ్చే సన్నటి పొడవాటి ట్యూబులైటు, పెట్టె మీద 5 లేదా 6 శాతం, టీ5 హెచ్‌వో అని ఉండేది. చుట్టలు తిరిగిన చిన్న బల్బు వద్దు. ట్యూబుకీ పిల్ల వీపుకీ మధ్య 8-9 అంగుళాలు, రోజుకి 12 గంటలు. వెలుగుతూనే ఉన్నా తయారీదారు చెప్పిన గడువుకి మార్చాలి, ముందు తగ్గేది కంటికి కనబడని యూవీబీయే. వేడి కాచుకునే కొమ్మ దగ్గర 80-85 ఫారెన్‌హీట్ చాలు. డి3 లేని కాల్షియం కార్బొనేట్ పొడి ప్రతి మేతకీ చిటికెడు, డి3 ఉన్న మల్టీవిటమిన్ నెలకి రెండుసార్లు. మేత పురుగులకి పాలకూర, తోటకూర పెట్టకండి, వాటిలోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆవ ఆకు, క్యారెట్ మంచివి.

అద్దం, లైటు సంగతి పక్కన పెడితే ఎండ మంచిదన్న మాట నిజమే. జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా, ఆరుబయట ఇరవై నిమిషాల ఎండ ముందు ఏ ట్యూబూ పనికిరాదు. ఆరో చిట్కా, మందార మొక్క పెట్టమన్నది, పూర్తిగా కరెక్టు. వెయిల్డ్ జాతి ఆకులూ తింటుంది. నర్సరీ మొక్కకి మందు కొట్టి ఉంటారు కాబట్టి ఆకులు బాగా కడిగి, మట్టి మార్చి, నోట పట్టనంత పెద్ద గులకరాళ్లు పైన పరచండి.

కాళ్లు ఇప్పటికే వంగినా, పగటిపూట కళ్లు మూసుకుని ఉన్నా ఇక చిట్కాల్లేవు, సరీసృపాల డాక్టరు దగ్గరికే. ఎక్స్‌రే తీసి, బరువుని బట్టి కాల్షియం ఇస్తారు. గ్రాముల్లో చూపే కిచెన్ స్కేలు మీద బరువు, లైటు పెట్టె మీది వివరాలు, తాజా రెట్ట తీసుకెళ్లండి. కొమ్మ మీంచి లాగకండి, మెత్తబడ్డ ఎముక విరుగుతుంది. వేలు అడ్డం పెడితే అదే ఎక్కుతుంది.

ఇదే మెసేజి ఇప్పుడు విజయవాడ, హైదరాబాద్ గ్రూపులకీ చేరిందట. అక్కడ చెట్టు మీది ఊసరవెల్లిని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పిల్లలు పట్టుకొస్తే దొరికిన చెట్టు మీదే వదిలేయండి, దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖకి అప్పగించండి.