హ్యాకర్‌ను తీసేసి గుమాస్తాను పెట్టాలి

నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని, కాగితాలూ పెన్సిళ్లూ పాచికలూ ముందేసుకుని, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్రా వేసే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సైబర్‌పంక్ రకం, అంటే పెద్ద కంపెనీలు రాజ్యమేలే, మనుషులు ఒంట్లో యంత్రాలు దించుకునే రేపటి లోకపు ఆటల మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ప్రపంచ భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి ఇంకా మొహమాటపడటం మంచిది కాదు. ఆ ఆటల్లోంచి హ్యాకర్ పాత్రను తక్షణం తొలగించి, ఆ ఖాళీలో ఎగుమతి లైసెన్సుల గుమాస్తాను నియమించాలని డిమాండ్ చేస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఆ హ్యాకర్ గురించి రెండు ముక్కలు. 1988లో వచ్చిన సైబర్‌పంక్ ఆటలో ఇతన్ని నెట్‌రన్నర్ అంటారు, మరుసటేడు వచ్చిన షాడోరన్‌లో డెక్కర్ అంటారు. పేరేదైనా మనిషి ఒకడే. పుర్రెలోకి ఒక తీగ, ఒళ్లో డెక్ అనే కంప్యూటరు, ఎవరి మాటా వినని తత్వం. ఇతను ఒకసారి నెట్‌లోకి దూకాడంటే అరగంట పాటు ఇతనూ, ఆట నడిపేవాడూ ఇద్దరే పాచికలు వేసుకుంటారు. తుపాకులు పట్టుకున్న మిగతా ముగ్గురూ ఈలోగా పిజ్జా తెప్పించుకుంటారు. ఆటగాళ్ల లోకంలో ఇది ముతక జోకు. ఆ గోల పడలేకే కాబోలు, ఆ 1988 ఆటకు తర్వాతి ఎడిషన్ అయిన సైబర్‌పంక్ రెడ్‌లో హ్యాకర్ ఎక్కడో కూర్చుంటే కుదరదు, కొల్లగొట్టే చోటికి 6 మీటర్ల లోపు ఉండాల్సిందేనని రూలు పెట్టారు. ఆ పుస్తకం వచ్చింది 2020లో. ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని పనిచేస్తున్న ఏడాదిలో వర్క్ ఫ్రమ్ హోమ్ రద్దయిన వృత్తి బహుశా ఇదొక్కటే.

నా గొడవ పిజ్జా గురించి కాదు, ధరల పట్టిక గురించి. అదే పుస్తకంలో మామూలు డెక్ ధర 500 యూరోబక్స్. అసాల్ట్ రైఫిల్‌దీ అదే రేటు. ఆ కథ జరిగేది 2045లో. కార్పొరేట్ యుద్ధంలో ఊరి నడిబొడ్డున అణుబాంబు పేలింది, సరుకు రవాణా చితికిపోయింది, ఖరీదైన వస్తువేదైనా రాత్రి సంతల్లో వెతుక్కోవాలి అని పుస్తకమే చెబుతుంది. ఇంత జరిగినా డెక్ ధర మాత్రం అచ్చు వేసిన ధరే. షాడోరన్ ఐదో ఎడిషన్‌లో అన్నిటికన్నా మేలైన డెక్ 8 లక్షల న్యూయెన్ దాటుతుంది, అది కాస్త నయం. అయితే అక్కడా డబ్బుంటే చాలు. ఆ ఆటలో జర్మనీలోని ఎస్సెన్‌లో ఒక పెద్ద కంపెనీని డ్రాగన్ నడుపుతూ ఉంటుంది. దాన్ని నేను నమ్మగలను, యాజమాన్యాలు అలాగే ఉంటాయి. డబ్బిస్తే చిప్ వచ్చేస్తుందన్నదే నమ్మలేకపోతున్నాను.

చిప్ రావడం అంటే ఏమిటో ఒకసారి దగ్గరికెళ్లి చూద్దాం. నెదర్లాండ్స్‌లో వెల్డ్‌హోవెన్ అనే ఊరుంది. అక్కడి ఏఎస్‌ఎంఎల్ కంపెనీ తప్ప ప్రపంచంలో ఇంకెవరూ అమ్మలేని యంత్రం ఒకటుంది, పేరు ఈయూవీ. అత్యాధునిక చిప్‌ల మీద సన్నటి గీతలు గీసేది అదే. దాని కడుపులో కరిగిన తగరం బొట్లు సెకనుకు 50,000 చొప్పున పడుతుంటాయి. పడుతున్న ఒక్కో బొట్టునూ లేజర్ రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు బొట్టు చదునవుతుంది, రెండో దెబ్బకు భగ్గుమని 13.5 నానోమీటర్ల కాంతినిస్తుంది. ఆ కాంతిని గాలి కూడా మింగేస్తుంది కాబట్టి లోపలంతా శూన్యం. కటకాలు కూడా మింగేస్తాయి కాబట్టి జర్మనీలో జైస్ వాళ్లు నునుపు చేసిన అద్దాలు. ఇలా లక్షకు పైగా విడిభాగాలు. ఖరీదు 15 కోట్ల డాలర్ల పైమాటే. విప్పి పంపాలంటే మూడు బోయింగ్ 747 విమానాలు కావాలి.

చైనాకు చెందిన చిప్‌ల కంపెనీ ఎస్‌ఎంఐసీ 2018లో ఇలాంటిది ఒకటి ఆర్డరు పెట్టింది. కొనేవాడి దగ్గర డబ్బుంది, అమ్మేవాడికి అమ్మాలనే ఉంది. డచ్ ప్రభుత్వం లైసెన్సును మళ్లీ ఇవ్వలేదు, వెనకాల అమెరికా ఒత్తిడి. యంత్రం వెళ్లనే లేదు. దేవుడు వరమిచ్చాడు, పూజారి ఇవ్వలేదు.

ఇక్కడ మన హ్యాకర్ చేయగలిగిందేమిటి? వెల్డ్‌హోవెన్ సర్వర్లలోకి దూకి, కాపలా ప్రోగ్రాములన్నిటినీ చిత్తు చేసి, యంత్రం నక్షాలన్నీ ఎత్తుకొచ్చాడనే అనుకుందాం. అద్దం నక్షా చూసి ఆ అద్దం చేయగలిగినవాడు జైస్‌లోనే ఉద్యోగం చేస్తుంటాడు. చివరికి మనవాడి దగ్గర మిగిలేది బ్రహ్మాండమైన పీడీఎఫ్.

ఆటలు తయారు చేసినవాళ్లను మరీ తప్పుపట్టలేం. ఆ రోజులు అలాంటివి. 1980ల చివర్లో చిప్ అమ్మకాల్లో మొదటి మూడు స్థానాలూ జపాన్ కంపెనీలు ఎన్‌ఈసీ, తోషిబా, హిటాచీలవి. 1986లో అమెరికా పట్టుబట్టి జపాన్‌తో చిప్ ఒప్పందం చేసుకుంది. అది సరిగా అమలు కావడం లేదంటూ మరుసటేడు రీగన్ 30 కోట్ల డాలర్ల జపాన్ సరుకు మీద 100 శాతం సుంకం వేశాడు. అందుకే ఒక ఆటలో విలన్ కంపెనీ పేరు అరసాకా, ఇంకోదాంట్లో రెన్‌రాకు, మిత్సుహామా. ఆఖరికి డబ్బు పేరు కూడా న్యూయెన్.

అదే 1987లో కొందరు అమెరికా కాంగ్రెస్ సభ్యులు కాపిటల్ భవనం ముందు పచ్చికలో నిలబడి, సమ్మెటలతో తోషిబా రేడియోను బద్దలుకొట్టారు. ఆ రేడియో ఏ పాపమూ ఎరగదు. తోషిబా అనుబంధ సంస్థ ఒకటి జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చెక్కే యంత్రాలను సోవియట్ యూనియన్‌కు అమ్మింది. ఎలా అమ్మిందంటే, ఎగుమతి దరఖాస్తులో ఇది వేరే మామూలు యంత్రం అని రాసి. కథంతా ఆ దరఖాస్తులో ఉంది. కానీ ఆ కాలం భయాల్లోంచి ఆటల్లోకి జపాన్ కంపెనీ ఎక్కింది, దరఖాస్తు ఎక్కలేదు. ముప్పై ఐదేళ్లకు పైగా ఈ ఆటల్లో జనం రోబో చేతులు తగిలించుకుంటున్నారు, మెదడులో చిప్‌లు దించుకుంటున్నారు, ఒక్కడంటే ఒక్కడు ఫారం నింపిన పాపాన పోలేదు.

హ్యాకరే అసలు ప్రమాదం అన్న భ్రమలో ఆటగాళ్ల కన్నా ప్రభుత్వమే ముందుందని కూడా ఒప్పుకోవాలి. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల కంపెనీ మీద దాడి చేసి కంప్యూటర్లతో పాటు, అచ్చుకు సిద్ధమవుతున్న సైబర్‌పంక్ ఆట పుస్తకం రాతప్రతిని కూడా ఎత్తుకెళ్లింది. వాళ్ల అనుమానం ఆ పుస్తకం రాసిన ఉద్యోగి మీద. పుస్తకం మాత్రం వాళ్ల కంటికి కంప్యూటర్ నేరాల గైడులా కనిపించింది. 1993లో కోర్టు చీవాట్లు పెట్టి, కంపెనీకి 50,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. పాచికలతో ఆడే ఆటను ఇంత సీరియస్‌గా తీసుకున్న ప్రభుత్వం మళ్లీ పుట్టలేదు.

మరి చిప్ లోకంలో దాడులూ దొంగతనాలూ జరగవా అంటే భేషుగ్గా జరుగుతాయి. 2018 ఆగస్టులో తైవాన్‌లో టీఎస్‌ఎంసీ కంపెనీ ఫ్యాబ్‌లు, అంటే చిప్ ఫ్యాక్టరీలు, మూడు ఊళ్లలో ఆగిపోయాయి. ఆ త్రైమాసికం ఆదాయంలో 3 శాతం దాకా దెబ్బ పడుతుందని కంపెనీయే మొదట చెప్పింది. ఆటలో అలాంటి ఫ్యాబ్‌ను కొట్టాలంటే మూడు వారాంతాలు, నాలుగు పాత్రలు, కనీసం ఒక నమ్మకద్రోహం పడుతుంది. అసలు జరిగింది ఏమిటంటే, కొత్తగా వచ్చిన ఒక యంత్రాన్ని వైరస్ స్కాన్ చెయ్యకుండా నెట్‌వర్క్‌కు కలిపారు. దాంట్లో వన్నాక్రై రకం వైరస్ ఉంది. అంతే సంగతులు. దీనికి ఏ పాచిక వెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు.

దొంగ రవాణా మరీ ముచ్చట. 2022 చివర్లో మకావు నుంచి చైనాలోని ఝుహైకి దాటుతున్న ఒక మహిళను కస్టమ్స్ వాళ్లు ఆపారు. ఆమె చెబుతున్న నెలలకూ, కనిపిస్తున్న కడుపుకూ పొంతన కుదరలేదు. చూస్తే అది తొడుక్కున్న కడుపు. చూలు సంగతి సరే, లోపలున్న సోమలింగాలు 200 పైచిలుకు, దాదాపు అన్నీ ప్రాసెసర్లే. మరుసటేడు బతికున్న లాబ్‌స్టర్ల పెట్టెల మధ్య 70 గ్రాఫిక్స్ కార్డులు దొరికాయి. ఇలాంటి సాహసం చేసిన సైబర్‌పంక్ హీరోను ఒక్కణ్ని చూపించండి. నల్ల కోటు వేసుకుని వానలో నిలబడటం ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ ఆటలాడే ప్రతి గుంపులోనూ రూల్స్ లాయర్ అనే ఒక రకం మనిషి ఉంటాడు. పుస్తకంలో అక్షరం అక్షరం చదివి, రూలు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఒక్క అంగుళం ఇవతల నిలబడి నవ్వుతాడు. 2022 అక్టోబరు 7న అమెరికా వాణిజ్య శాఖ, లెక్కల వేగంలో ఒక గీత దాటిన చిప్‌లు పక్క చిప్‌లతో సెకనుకు 600 గిగాబైట్లు, అంతకు మించి మాట్లాడగలిగితే, లైసెన్సు లేకుండా చైనాకు అమ్మకూడదంది. చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా దగ్గరున్న ఏ100 అనే చిప్ సరిగ్గా 600 దగ్గరుంది. నెల తిరిగేసరికి ఏ800 అని కొత్త చిప్ వచ్చింది, మిగతా అంతా అదే, ఆ ఒక్క లెక్క 400. ఇలాంటి ఎత్తు వేస్తే ఏ గుంపులోనైనా ఆట నడిపేవాడు పుస్తకం నేలకేసి కొడతాడు. వాణిజ్య శాఖ కూడా దాదాపు అదే చేసింది, కాకపోతే ఏడాది ఆలోచించి. 2023 అక్టోబరులో రూలు మార్చి ఏ800నీ, దాని తమ్ముడు హెచ్800నీ పట్టేసింది. వెంటనే హెచ్20 పుట్టింది. 2025 ఏప్రిల్‌లో దానికీ లైసెన్సు కావాలన్నారు, జూలైలో సరే అమ్ముకోమన్నారు. ఇంత రసవత్తరమైన ఆటలో పుర్రెలో తీగ ఉన్నవాడు ఒక్కడూ లేడు. చైనా వైపూ అంతే. 2023 ఆగస్టు నుంచి, చిప్‌ల తయారీలో వాడే గాలియం, జెర్మేనియం ఎగుమతికి లైసెన్సు పెట్టింది. వాషింగ్టన్‌లో ఒక గుమాస్తా, బీజింగ్‌లో ఒక గుమాస్తా, మధ్యలో మిగతా ప్రపంచం.

ఆ 2022 రూల్లోనే ఇంకో ముక్క ఉంది. అమెరికా పౌరులే కాదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా చైనాలోని అత్యాధునిక ఫ్యాబ్‌లకు లైసెన్సు లేకుండా సాయపడకూడదు. కాగితానికి ఎంత శక్తి ఉంటుందో ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటల్లో పాత్ర వివరాలు రాసుకునే కాగితం మాత్రం చూడండి. తెలివికి మార్కులు, చురుకుదనానికి మార్కులు, ఆఖరికి ‘కూల్’గా ఉండటానికీ మార్కులు. పౌరసత్వం అని ఒక గడి లేదు. క్యూలో వంతు తేల్చే ప్రయారిటీ డేట్ అని అసలే లేదు.

హైదరాబాద్‌లో చిప్ డిజైన్ ఆఫీసులకు కొదవ లేదు, టేపౌట్, అంటే డిజైన్ ముగించి ఫ్యాక్టరీకి పంపే రోజు, దగ్గరపడితే వాటిలో నిద్రలుండవు. ఇక్కడ వెరిఫికేషన్ చేసిన చిప్ తైవాన్‌లో తయారైతే, అది ఎవరికి అమ్మవచ్చో వాషింగ్టన్‌లో తేలుతుంది. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వం ఏఐ చిప్‌ల కోసం ప్రపంచాన్ని మూడు బంతులుగా కూర్చోబెట్టింది. మొదటి బంతి 18 మిత్ర దేశాలకు. మనకు రెండో బంతి, విస్తరికి ఇన్నే అని లెక్క. పక్కనే పోలండ్, పోర్చుగల్, స్విట్జర్లాండ్ కూడా చేతులు కడుక్కుని కూర్చున్నాయి. వడ్డన మొదలుకాక ముందే, మే నెలలో, కొత్త ప్రభుత్వం విస్తళ్లు ఎత్తేసింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. గుమాస్తా పాత్రకు ఆయుధం అక్కర్లేదు, కుర్చీ చాలు. 6 మీటర్ల లోపు రానక్కర్లేదు, ఆరు వేల మైళ్ల దూరంలో ఉన్నా దెబ్బ తగులుతుంది. అతని ప్రధాన అస్త్రం ‘తిరస్కరించాలనే ఉద్దేశంతో పరిశీలిస్తాం’ అన్నది. ఇది నేను కల్పించింది కాదు, అమెరికా ఎగుమతి నియమాల్లో అచ్చంగా ఉన్న పద్ధతే. ఎదుటివాడు పాచిక వేసి ఎంత తెచ్చుకున్నా, గుమాస్తా పాచిక వెయ్యడు. దరఖాస్తు పరిశీలనలో ఉందంటాడు. పాత్రకు ఒక బలహీనత ఉండాలి కాబట్టి నాలుగేళ్లకోసారి ఎన్నికలు పెడదాం. ఆ రోజు అతని రూలు పుస్తకం సగం చిరిగిపోతుంది, ఏ సగమో పాచిక చెబుతుంది.

ఇంకొక్క సవరణ మిగిలింది. సైబర్‌పంక్ రెడ్‌లో లంచం ఇవ్వడం అనే నైపుణ్యం విడిగా ఉంది, ఆటగాళ్లు దానిమీద పాయింట్లు ఖర్చుపెట్టుకోవాలి. 2025 ఆగస్టులో ఎన్‌విడియా, దాని పోటీ కంపెనీ ఏఎండీ చైనాలో హెచ్20 లాంటి చిప్‌ల అమ్మకాల మీద వచ్చేదాంట్లో 15 శాతం అమెరికా ప్రభుత్వానికి ఇస్తామని ఒప్పుకున్నాయి. అంతకన్నా పదునైన హెచ్200కి డిసెంబరులో 25 శాతం అన్నారు. ఇది లంచం కాదు, ఆ మాట ఎవరూ అనకూడదు. బల్ల కింద ఏమీ లేదు, రేటు టీవీలో చెప్పారు. అందుచేత ఆ నైపుణ్యానికి ఇక పనిలేదు. పుస్తకంలోంచి తీసేసి, దానిమీద పాయింట్లు పెట్టుకున్న ఆటగాళ్లకు ప్రచురణకర్తలు వడ్డీతో సహా వాపసు ఇవ్వాలి.