ఉల్లిగడ్డల ఊరి నుంచి తీపి గోలీ గారికి

మహారాజశ్రీ హోమియో తీపి గోలీ గారి సముఖానికి, కర్నూలు నుంచి ఇద్దరు పిల్లల తల్లి రాసుకునేది. ఉభయకుశలోపరి.

కుశలమంతా మీదేననుకోండి. కర్పూరం వాసన తగలకూడదు, ఎండ పొడ సోకకూడదు, చేత్తో ముట్టకూడదు, మూతలోకి నాలుగు వంచుకుని నేరుగా నాలుక మీద వేసుకోవాలి. మా అత్తగారి మడి కూడా మీ ముందు దిగదుడుపే. అదంతా పడతాం గానీ, ఉల్లిగడ్డ దగ్గరే మీకూ మాకూ పేచీ.

మాది ఉల్లిగడ్డ మార్కెట్ ఉన్న ఊరు. ధర పడిపోయిన ఏడు రైతు యార్డులోనే పారబోసి ఏడ్చుకుంటూ పోయే ఊరు. పొద్దున్నే ఉగ్గాని చేస్తే అందులో ఉల్లిగడ్డ, దాని పక్కన బజ్జీ. ఇట్లాంటి ఊళ్లో పిల్లోడి ముక్కు కారిందని మీ దగ్గరికొస్తే మొదటి మాటే, "పచ్చి ఉల్లి, వెల్లుల్లి, కాఫీ బంద్." సరే అన్నాం. తీరా మందు చీటీ చూస్తే అల్లియం సీపా 30. అంటే ఎవరో కాదు, సాక్షాత్తూ ఉల్లిగడ్డే! తరిగితే కళ్లూ ముక్కూ కారుతాయి కాబట్టి కారే ముక్కుకు అదే మందట. ఉష్ణం ఉష్ణేన శీతలం. ఉగ్గానిలో ఉంటే పథ్యం చెడుతుంది, మీ కడుపులో ఉంటే జలుబు పోతుంది. బాగుంది.

మీ కడుపులో ఉందా అన్నదే నా అనుమానం. ఒక చుక్క రసాన్ని 99 చుక్కల ఆల్కహాల్‌లో కలిపి కుదపాలి. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలపాలి. అదొక్కోసారీ ఒక మెట్టు, అట్లా 30 మెట్లెక్కితేనే ఆ 30. మా సీమ లెక్కలో చెప్తా వినండి. శ్రీశైలం జలాశయం 215 టీఎంసీలతో నిండిన రోజున ఒక్క చుక్క ఉల్లిరసం వేసి, మొత్తం కలిసేదాకా తిప్పినామనుకోండి. మీ మెట్లలో అది ఎనిమిది దాటుతుంది, తొమ్మిది ఎక్కదు. ఇంకా 21 మెట్లు పైకి పోవాలి. పన్నెండో మెట్టు దాటినాక అసలు రసంలోని అణువు ఒక్కటైనా మిగిలితే అది దాని పూర్వజన్మ సుకృతం. ఇంత చేసి మిగిలింది చక్కెరే కదా అంటే, పలచనయ్యే కొద్దీ పవర్ పెరుగుతుందంటారు. మా వీధి పాలాయనకు ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.

మీ మూలపురుషుడు హానిమన్ మాత్రం చెడ్డవాడు కాదు. 1796లో ఆయన ఈ సూత్రం రాసేనాటికి మిగతా డాక్టర్లు రోగి నెత్తురు తీసి, పాదరసం తాగిస్తున్నారు. వాళ్ల చేతిలో పడేకంటే ఏమీ చేయని మందు మింగడం నిజంగానే మేలు. మీ వంశంలో మచ్చంటూ పడితే అది వేరే రకం. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పళ్లొచ్చే పసిపిల్లలకిచ్చే కొన్ని హోమియో బిళ్లలను పరీక్షిస్తే, బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఉండాల్సినదానికంటే ఎక్కువ కనబడింది. గోలీలో మందు దొరకడమే నేరం! ఈ భాగ్యం ఇంకెవరికుంది?

మీ వాదన కూడా గట్టిదే. జరం తగ్గితే మీ గొప్ప. ఎక్కువైతే "లోపలున్న రోగం బయటికొస్తా ఉంది, మంచిదే." తగ్గకా పెరగకా ఉంటే మేం మధ్యలో ఇంగ్లీషు మందు వాడినాం. ఇంత గట్టి వకీలు మా కర్నూలు కోర్టులో కూడా దొరకడు.

ఒక్క విషయంలో మాత్రం మీకు దండం పెడతా. మీ డాక్టరు అరగంట కూర్చోబెట్టుకుంటాడు. పిల్లోడు ఏ పక్క తిరిగి పడుకుంటాడు, చన్నీళ్లు అడుగుతాడా వేన్నీళ్లు అడుగుతాడా, చీకటంటే భయమా, అన్నీ వింటాడు. ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి పోతే టోకెన్ పిలిచేదాకా రెండు గంటలు, లోపల రెండు నిమిషాలు, మామూలు జలుబుకు కూడా యాంటీబయాటిక్. మీ బలం సగం అక్కడుంది. మిగతా సగం, పిల్లల జలుబులు వాటంతటవే పోవడంలో ఉంది. ఆ పని మా అవ్వ వాము నీళ్లూ చేస్తాయి, ఏడాది దాటిన పిల్లకు స్పూను తేనె పెడితే రాత్రి దగ్గు కాస్త నెమ్మదిస్తుంది కూడా. ఏడాది లోపు పసిబిడ్డకు తేనె విషంతో సమానమని మా అవ్వకు నచ్చజెప్పడానికి తలప్రాణం తోకకొచ్చిందనుకోండి.

కాబట్టి జలుబు మీరే ఉంచుకోండి. భేదులు మాత్రం వదిలేయండి. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, 14 రోజుల జింకు బిళ్లలు ఆశా కార్యకర్త అమ్మాయి ఊరికే ఇస్తుంది. గుంటలు పడిన కళ్లతో బిడ్డ సోలిపోతుంటే మీరు "గుణం చూపిస్తా" అని కూర్చోవద్దు. ఏడాది దాటిన బిడ్డ నిమిషానికి నలభైసార్లు, అంతకన్నా ఎక్కువగా ఊపిరి తీస్తుంటే, డొక్కలు లోపలికి పోతుంటే, ఆ ఇంట్లో మీ సీసా మూత తెరుచుకోకూడదు. టీకాల బదులు మీరున్నారని ఎవరన్నా అంటే, కనీసం సిగ్గుతోనైనా కరిగిపోండి.

మొన్న మా చిన్నోడు కుర్చీ వేసుకుని మీ సీసా అందుకుని, ఒక్క గోలీ మిగల్చకుండా చప్పరించేసినాడు. నాకు గుండె గుభేలుమంది. మీ డాక్టరుకు ఫోన్ చేస్తే నవ్వినాడు.

"ఏం కాదులేమ్మా. ఇంతకీ జలుబు తగ్గిందా?"

"లేదండీ, ఇంకా కారతానే ఉంది."

"పవర్ చాలలేదు. సాయంత్రం రండి, ఈసారి 200 ఇస్తా."