కార్డు కొనే ముందు పవర్ సప్లై చూడండి

పాత పీసీలో పెద్ద గేములు ఆడాలంటే అన్నిటికన్నా ముందు గ్రాఫిక్స్ కార్డు మార్చాలని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. మా నల్లగొండ వైపు పిల్లలు కొనేవి ఎక్కువగా ఆఫీసుల్లో వాడి అమ్మేసిన పీసీలు. వాటిలో పవర్ సప్లై, అంటే పీసీ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, చిన్నది, చాలావాటిలో కార్డుకు ఇచ్చే పిన్నుల వైరే ఉండదు. ఆర్టీఎక్స్ 3060 అనే కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, దాని చిప్ చేసే ఎన్విడియా కంపెనీ 550 వాట్ల సప్లై ఉండాలంటుంది. దాని తర్వాతి ఆర్టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు. సప్లై మార్చే బడ్జెట్ లేకపోతే, విడిగా పిన్ను అడగని జీటీఎక్స్ 1650 కార్డు మోడల్ చూసుకోవడమే నయం. కొత్త గేములకు దానిలోని 4 జీబీ మెమరీ ఇరుకే అనుకోండి.

ఇంకోటి, అసలు ఏది ఆపుతోందో ముందు తెలుసుకోవాలి. గేములో రిజల్యూషన్ తగ్గించి చూడండి. సెకనుకు వచ్చే ఫ్రేములు పెరిగితే కార్డు చాలట్లేదు. పెరగకపోతే తంటా ఎక్కువగా ప్రాసెసర్‌తోనే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా దండగ. ర్యామ్ ఒకటే 8 జీబీ స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది వేయండి, డ్యూయల్ ఛానల్ అవుతుంది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసి వేగం పెరుగుతుంది. హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన ఎస్ఎస్‌డీ గురించి వాదనే అక్కర్లేదు, సైబర్‌పంక్ 2077 గేము కనీస అవసరాల్లోనే 2023 నుంచి అది ఉంది.

మా ఎండల సంగతి వ్యాసంలో లేదు. మే నెలలో రేకుల గదిలో కూర్చుని ఆడేవాళ్లకు ముందు కావాల్సింది గాలి ఆడే క్యాబినెట్, రెండు ఫ్యాన్లు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి కార్డు కోసం వెళ్లేవాళ్లు క్యాబినెట్ లోపలి పొడవు కూడా టేపుతో కొలుచుకుని వెళ్లండి.