చక్రాలు కూడా పెట్టెలో భాగమే

"పోయినసారి పట్టిందండీ, ఇదే పెట్టె!"

బోర్డింగ్ గేటు దగ్గర నేనన్న మాట ఇది. ఎదురుగా ఉన్న అమ్మాయి వాదించలేదు. పక్కనున్న, చేతి సామాను సైజు చూసే కొలత పెట్టెని చేత్తో చూపించి ఊరుకుంది. నా ట్రాలీని తలకిందులు చేసి, పిడి వైపు నుంచి అందులోకి దించాను. పెట్టె మొత్తం దిగింది. నాలుగు చక్రాలు మాత్రం వెల్లకిలా పడ్డ బొద్దింక కాళ్లలా అంచు మీద నిలబడ్డాయి. మోకాలితో నొక్కి చూశాను. ఒకటి గిర్రున తిరిగింది తప్ప లోపలికి పోలేదు.

సరే, కింద లగేజీలో వేస్తామని ట్యాగ్ కట్టారు. అంతటితో అయిపోతే బాగుండేది. "లోపల పవర్ బ్యాంక్ ఉందా?" అని అడిగింది. ఉంది, అట్టడుగున. విడి లిథియం బ్యాటరీలు కార్గోలోకి పంపకూడదు, మనిషితో పాటు క్యాబిన్‌లోనే ఉండాలి. కాబట్టి క్యూ అంతా చూస్తుండగా నేల మీద పెట్టె తెరిచి, బట్టలన్నీ బయటపెట్టి దాన్ని వెతికి తీశాను. అప్పటినుంచి పవర్ బ్యాంక్, మందులు, పాస్‌పోర్టు భుజాన వేసుకునే చిన్న సంచిలోనే పెట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చాక టేపు తీశాను. కొన్నప్పుడు చీటీ మీద ఉన్నది "22 అంగుళాల క్యాబిన్ సైజు". నా టేపు చెప్పింది 23న్నర. చీటీ పూర్తిగా అబద్ధమాడలేదు, బాడీ వరకే కొలిచి చక్రాలని వదిలేసింది. విమాన సంస్థలు అలా వదలవు. అమెరికా పెద్ద సంస్థలైన అమెరికన్, డెల్టా, యునైటెడ్ మూడూ 22 × 14 × 9 అంగుళాలే అంటాయి, అదీ చక్రాలు, పిడి కలుపుకొని. "పోయినసారి పట్టింది" అంటే పోయినసారి ఎవరూ కొలవలేదని మాత్రమే అర్థమట. నాకు ఆలస్యంగా తెలిసింది.

నా కోపం విమాన సంస్థల మీద కంటే పెట్టెలు చేసేవాళ్ల మీదే ఎక్కువ. సంస్థ తన కొలతని వెబ్‌సైట్‌లో పెడుతుంది. పెట్టె చేసేవాడు మాత్రం ఏ సంస్థకి సరిపోతుందో చెప్పకుండా "క్యాబిన్ సైజు" అని ముద్ర కొట్టి వదిలేస్తాడు. అలాంటి ఒకే సైజు ప్రపంచంలో ఎక్కడా లేదు. విమాన సంస్థల సంఘం ఐయాటా 2015 జూన్‌లో 55 × 35 × 20 సెంటీమీటర్లని అందరికీ సిఫార్సు చేసి, "క్యాబిన్ ఓకే" అనే గుర్తు కూడా తెచ్చింది. ఉన్న పెట్టెలు పారేసి మళ్లీ కొత్తవి కొనాలా అని అమెరికాలో గోల మొదలైంది. నెల తిరక్కుండానే దాన్ని పక్కన పెట్టేశారు. ఆ గోల న్యాయమైనదే అనుకుంటాను. అయినా, బయటి కొలత చక్రాలతో సహా చీటీ మీద వేయడానికి ఏ సంఘమూ తీర్మానం చేయక్కర్లేదు కదా!

మనలాంటి వాళ్లకి ఇంకో చిక్కుంది. ఒకే టికెట్ మీద రెండు మూడు సంస్థల విమానాలెక్కుతాం. 22 అంగుళాలంటే 55.88 సెంటీమీటర్లు. అమెరికాలో దర్జాగా ఎక్కిన పెట్టె, 55 దగ్గర గీత గీసిన జర్మనీ సంస్థ లుఫ్తాన్సా లాంటి చోట దాదాపు 9 మిల్లీమీటర్లు ఎక్కువ. ఖతార్ ఎయిర్‌వేస్ అయితే ఎత్తు 50 సెంటీమీటర్లే అంటుంది. టికెట్ అమ్మిన సంస్థ పేరు చూసి మోసపోవద్దు, ఆ విమానం నడిపేది ఎవరో చూడాలి. అన్నిటికంటే చిన్న కొలత ఏదో అదే మన కొలత.

బరువు సంగతి మరీ ఘోరం. అమెరికా పెద్ద సంస్థలు మామూలుగా దాని ఊసే ఎత్తవు. ఖతార్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎకానమీలో 7 కిలోలు, లుఫ్తాన్సా 8. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏకంగా 23 దాకా ఒప్పుకుంటుంది. 7 కిలోల్లో మూడు కిలోలు ఖాళీ పెట్టే తినేస్తే ఇక మనం మోసేదేమిటి?

1970లో బెర్నార్డ్ సాడో అనే ఆయన పెట్టెకి చక్రాలు బిగించాడు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలువుగా నిలబెట్టి, లాగే పిడి పెట్టాడు. ఇద్దరికీ దండం. కానీ నాలుగు చక్రాల పెట్టెలో చక్రాలు బాడీ కింద వేలాడుతూ ఉంటాయి, ఆ మేరకు లోపలి జాగా పోయినట్టే. రెండు చక్రాలదైతే అవి మూలల్లో సగం లోపలికే ఉంటాయి. కొలత బిగుతుగా ఉన్న ప్రయాణానికి రెండు చక్రాలదే నా ఓటు. అసలు చక్రాల్లేని మెత్తటి సంచి ఇంకా మేలు, భుజం ఒప్పుకుంటే.

కొలవడం పెద్ద పనేమీ కాదు. ముందు సర్దాలి, తర్వాత కొలవాలి. ఖాళీ పెట్టెని కొలిచి లాభం లేదు, ముందు జేబులో పుస్తకం పెట్టగానే మందం పెరుగుతుంది. పెంచుకునే జిప్పు మూసి ఉందో లేదో చూసుకోవాలి. పెట్టెని గోడకి ఆనించి నిలబెట్టి, పైన ఒక అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, అది గోడని తాకిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా ఎంతో అదే ఎత్తు. టేపుని పెట్టె వంపు మీద పాకిస్తే లెక్క తప్పుతుంది. బరువుకి, పెట్టె పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి మనుషుల తూకం మిషనెక్కి తీసివేత చేస్తే చాలు. ఫోన్ కెమెరాతో కొలిచే యాప్‌లూ ఉన్నాయి, కానీ సెంటీమీటరు దగ్గర పేచీ వచ్చేచోట నేను టేపునే నమ్ముతాను.

మా ఇంట్లో తలుపు పక్కన ఇప్పుడు మూడు పెన్సిల్ గీతలున్నాయి: 50, 55, 56. పిల్లల ఎత్తు కొలిచినట్టు, ప్రయాణానికి ముందు రోజు పెట్టెలన్నీ అక్కడ వరసగా నిలబడతాయి. ఆ 23న్నర అంగుళాలది మాత్రం నిలబడదు. అది ఇప్పుడు చెక్-ఇన్‌లోనే పోతోంది.